మాసిపోని గుడ్డ

శుభ్రం గురించి ఎవరైనా నాకు చెప్పబోతే ఒళ్లు మండేది. మా ఇల్లు అలాంటిది. నంద్యాలలో మాకు కిరాణా అంగడి, అంగడి వెనకే ఇల్లు. బయటికి పోయొచ్చినవాళ్లు ఎవరైనా సరే పెరటి దోవన రావాలి, కాళ్లు కడుక్కోవాలి. వంటింటి గడప దాటాలంటే తలమీద నీళ్లు పడాల్సిందే. మా అవ్వ పెరట్లో పీట వేసుకుని కాపలా కూర్చునేది. పిల్లి ఒక్కదానికే మినహాయింపు. ఊరంతా తిరిగొచ్చిన పిల్లి నేరుగా పొయ్యిగట్టెక్కి పడుకున్నా అవ్వ ఏమీ అనేది కాదు. పిల్లికి అంటు లేదని ఆమె వాదన. చిన్నప్పుడు మేం దాన్ని చూసి కుళ్లుకునేవాళ్లం.

ఆ ఇంట్లోంచి వెళ్లి నేను స్కానింగ్ మిషన్ దగ్గర పనికి చేరాను. ఎనభైల చివరి మాట ఇది. ఇంటర్ అయ్యాక రెండేళ్లు అంగడిలో పొట్లాలు కట్టి విసుగెత్తి ఉన్నాను. మా వీధి చివర నర్సింగ్ హోమ్ నడిపే డాక్టరమ్మ, కడుపులోని బిడ్డను చూపించే మిషన్ తెప్పిస్తున్నానని, పక్కన నిలబడటానికి చదువుకున్న ఆడపిల్ల కావాలని మా నాయనను అడిగింది. నాయన సరేనన్నాడు. అవ్వ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పిలిచి, "ఊర్లోవాళ్ల కడుపులన్నీ ముట్టుకోని వచ్చి నా వంటింట్లోకి వస్తావా?" అంది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. రోజూ సాయంత్రం బావి దగ్గర స్నానం చేసి, పనికి కట్టుకుపోయిన చీర వేరే తీగ మీద ఆరేశాకే నేను లోపలికి రావాలి. ఆ ఒప్పందం ఒక్కరోజు కూడా తప్పలేదు. అందుకే, నా అంత శుభ్రమైన మనిషి ఆ నర్సింగ్ హోమ్‌లో ఇంకొకరు లేరని నా గట్టి నమ్మకం.

మిషన్ మద్రాసు నుంచి వచ్చింది. దాంతోపాటు ఒక ఇంజనీరు వచ్చి నాలుగు రోజులు ఉన్నాడు. మా నల్లరేగడి దుమ్ము చూసి ఆయనకు గుండె జారింది. కిటికీ సందులన్నిటికీ కాగితాలు అంటింపించాడు. కొలిమిగుండ్ల నాపరాళ్లు పరిచిన ఆ గదిలోకి చెప్పులతో ఎవరూ రావద్దన్నాడు. నేను మొదటిరోజే మిషన్‌కు పసుపూ కుంకుమా పెట్టాను. కుంకుమ రాలి మీటల సందుల్లో పడింది. ఆయన చిన్న కుంచెతో అరగంటసేపు దాన్ని ఊడ్చాడు. డాక్టరమ్మే అంది, "దండం ఎంతన్నా పెట్టుకో. బొట్టు మాత్రం టేబుల్‌కు పెట్టు."

కడుపు మీద ఆనించి జరిపే పిడిని ప్రోబు అంటారు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. దాని మొహాన మెత్తటి రబ్బరు పొర. ఆ పొర వెనకే మిషన్ ప్రాణమంతా ఉందని ఇంజనీరు చెప్పాడు. ఆయన వచ్చీరాని తెలుగులో చెప్పిందాన్ని డాక్టరమ్మ మళ్లీ చెబుతుంటే, నేను పాత క్యాలెండర్ కాగితం వెనక రాసి గోడకు అంటించాను. ఒక మనిషిని చూడటం కాగానే మెత్తని గుడ్డతో, ప్రోబుకు రాసే జిగట జెల్ అంతా తీసేయాలి. తర్వాత సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతోనూ, ఆ తర్వాత మంచినీళ్ల గుడ్డతోనూ తుడవాలి. పూర్తిగా ఆరాకే పెట్టెలో పెట్టాలి. స్పిరిట్ తగలనివ్వకూడదు, గట్టిగా రుద్దకూడదు, వేడినీళ్లు పనికిరావు. మిషన్ తుడిచేముందు కరెంటు ప్లగ్గు పీకాలి. ఎవరి ఒంటిమీదైనా పుండో పొక్కో తామరో కనిపిస్తే ప్రోబు ఆనించకముందే డాక్టరమ్మకు చెప్పాలి.

అన్నీ రాశాక డాక్టరమ్మ ఇంకొకటి చెప్పింది. "ఈ మంచం మీద ఎవురు పండుకున్నా ఒకటే తుడుపు. శెట్టెమ్మకైనా, కూలామెకైనా."

అది రాసుకోవాల్సిన మాటగా నాకు అనిపించలేదు. కాగితంలో చోటుండి కూడా రాయలేదు.

నా పద్ధతి నాకుండేది. మా వీధివాళ్లు, మాకు తెలిసిన అంగళ్లవాళ్లు, గుళ్లో కనబడేవాళ్లు పడుకుని లేస్తే ప్రోబును పైపైన ఒక్కసారి దులిపి ఊరుకునేదాన్ని. ఒక్కోసారి అదీ లేదు. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చినవాళ్ల ఒంటికి ఏముంటుందని నా ధీమా. గోస్పాడు దిక్కునుంచి వచ్చే కూలీ ఆడవాళ్లు, ఊరి చివరి కాలనీవాళ్లు లేచిపోతే మాత్రం చేయి దానంతట అదే స్పిరిట్ సీసా మీదికి పోయేది. డాక్టరమ్మ అటు తిరగగానే గుడ్డ మీద స్పిరిట్ ఒంపి, అంట్లగిన్నెను తోమినట్టు ప్రోబును తోమేదాన్ని. ఇంజనీరు వద్దన్నాడని తెలుసు. ఆయనకు మిషన్ల సంగతి తెలుసు గానీ మనుషుల సంగతి ఏం తెలుసులే అనుకునేదాన్ని. చివరికి గుడ్డలు కూడా రెండు చేశాను. అంచుకు నీలం దారం కుట్టింది మనవాళ్ల గుడ్డ. కుట్టు లేనిది మిగిలినవాళ్లది.

ఆ గుడ్డలు ఉతికేదీ, గది ఊడ్చేదీ ఆయమ్మ. ఆమెకు యాభై ఏళ్లుంటాయి. ఆమెది కూడా ఊరి చివరి కాలనీయే. ఆమె నన్ను "పాపా" అనేది. నేను ఆమెను "ఆయా, ఇట్రా" అనేదాన్ని. ఒకరోజు ఆమె రెండు గుడ్డలనూ ఒకే తీగ మీద పక్కపక్కన ఆరేసింది. నేను అరిచాను. ఆమె నీలం కుట్టు గుడ్డను తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మాసిందే లేదు కదా పాపా, రోజూ ఎందుకు ఉతకమంటావు?" అంది.

ఆ మాట నాకు పొగడ్తలాగా వినిపించింది. ఇంటికి పోయి అవ్వతో కూడా చెప్పుకున్నాను.

ప్రతి గురువారం మేం మిషన్‌ను జీపులో పెట్టుకుని ఆళ్లగడ్డకు పోయేవాళ్లం. అడుగున బొంతలు పరిచి మిషన్ ఎక్కించేవారు. ప్రోబు పెట్టె మాత్రం నా ఒళ్లోనే. లోపల స్పాంజి పరిచిన చెక్కపెట్టె అది. ఆళ్లగడ్డలో బస్టాండు దగ్గర ఒక గది అద్దెకు తీసుకుంది డాక్టరమ్మ. గది ముందు వరండాలో ఒక పొడుగాటి బెంచీ, మూడు మెట్లు. అహోబిలం బస్సులో అడవి దిక్కువాళ్లు కూడా వచ్చేవారు.

అట్లా వచ్చింది ఆమె. చెంచుల ఆడమనిషి, గూడెం అహోబిలం పైన. ఇంచుమించు నా ఈడే. రెండు కాన్పులైతే రెండుసార్లూ బిడ్డ దక్కలేదు. ఇది మూడోది, ఐదో నెల. డాక్టరమ్మ చాలాసేపు చూసి, బిడ్డ బాగానే ఉందని ముందు చెప్పి, తర్వాత ఆమె చేయి పట్టుకుని విడమరిచింది.

"మాయ కిందికి ఉండాది. బిడ్డ వచ్చే దోవకు అడ్డం పడి ఉండాది. పైకి జరుగుతాదా లేదా అని నెలనెలా చూడాల. జరక్కపోతే నువ్వు గూడెంలో కనకూడదు. రక్తం పోతే నువ్వూ దక్కవు, బిడ్డా దక్కదు. తెలిసిందా? ఏమైనా గానీ నెలనెలా రావాల."

ఆమె తలూపింది. చీర సర్దుకుంటూ, నేను ప్రోబును స్పిరిట్‌తో తోముతుండటం చూసి, "అంతగా రుద్దితే అది అరిగిపోదామ్మా?" అని అడిగింది. తెలియక అడిగింది, దెప్పడానికి కాదు. "నీకెందుకు, బేగా దిగు" అన్నాను.

ఇప్పుడు మా వదిన సంగతి చెప్పాలి. మా అన్నకు పెళ్లయి ఏడేళ్లయినా ఆమెకు కడుపు పండలేదు. చేయని పూజ లేదు. తెల్లవారకముందే బావి దగ్గర తలమీద నీళ్లు పోసుకుని, తడిచీరతోనే గుడికి పోయి ప్రదక్షిణలు చేసేది. ఆ తడిచీర ఒంటిమీదే ఆరాలి, అది నియమం. చీర ఆరేది గానీ లంగా బొందు కింద నడుము ఎన్నడూ ఆరేది కాదు. అక్కడ తామర లేచింది. రాత్రీ పగలూ గోక్కునేది. నాకు చూపించింది కూడా. అవ్వ చూసి, "అది మడి తామరలే, దోషం కాదు. పసుపు పెట్టు" అని తేల్చేసింది. మేమందరం ఒప్పుకున్నాం. మడిలో కూడా తామర పుడుతుందని గానీ, పుట్టాక దానికి మడీ మైలా తెలియవని గానీ మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. తట్టాల్సింది నాకు. గోడమీద రాసి అంటించింది నేనే.

వదిన నీళ్లోసుకుంది. మూడో నెలలో అవ్వ మంచి ఘడియ చూసి స్కానింగ్‌కు పంపింది. అది గురువారం పొద్దున, ఆళ్లగడ్డ జీపు బయలుదేరే ముందు. మంచం మీద పడుకున్నాక వదిన సిగ్గుతో నా చేయి నొక్కింది. ఆ నొక్కుడుకు అర్థం నాకు తెలుసు. లంగా బొందు కిందికి జరిపి, తామర ఉన్నచోట కనబడకుండా తువ్వాలు కప్పింది నేనే. గది చీకటి, డాక్టరమ్మ చూపు తెరమీద. ప్రోబు జరుగుతూ జరుగుతూ తువ్వాలు కిందికి పోయింది. నేను చూశాను. నోరు తెరిచి చెబితే వదిన పరువు పోతుందనుకున్నాను. బిడ్డ గుండె కొట్టుకుంటోందని డాక్టరమ్మ చెప్పగానే వదిన ఏడ్చింది, నేనూ ఏడ్చాను. బయట జీపతను హారన్ కొట్టాడు. ఏ గుడ్డా తీసుకోలేదు. జెల్ తడితోనే ప్రోబును పెట్టెలో పెట్టి, ఒళ్లో పెట్టుకుని జీపెక్కాను.

ఆళ్లగడ్డలో ఆ రోజు బెంచీ మీద మొదటి మనిషి ఆ చెంచామె. ఆమెకు ఆరో నెల. నేను పెట్టె తెరిచి, తడి ఆరని ప్రోబు మీద ఇంకొంచెం జెల్ వేసి డాక్టరమ్మ చేతికిచ్చాను. మాయ ఇంకా కిందనే ఉందని, వచ్చే నెల తప్పకుండా రావాలని డాక్టరమ్మ చెప్పింది. ఆమె లేచాక నేను యథాప్రకారం ప్రోబును స్పిరిట్‌తో తోమాను. ఆమె తర్వాత పడుకున్నవాళ్లకు ఏమీ రాలేదు. అంటే నా స్పిరిట్ పనిచేసిందన్నమాట, తుడవాల్సిన మనిషి తర్వాత మాత్రం నేను తుడవలేదు.

మరుసటి నెల ఆమె వచ్చింది. అప్పటికి బెంచీ నిండుగా ఉంది. ఆళ్లగడ్డ అంగళ్లవాళ్ల కోడళ్లే ఎక్కువ, ఒకరిద్దరు మాకు దూరపు చుట్టాలు. డాక్టరమ్మ లోపల ఒకామెను చూస్తోంది, తలుపు వేసి ఉంది. ఆమె మెట్లెక్కి నా దగ్గరికొచ్చి, చీర రవ్వంత పక్కకు జరిపింది.

"అమ్మా, ఇది చూడు. పోయిన నెల ఈడికి వచ్చి పోయినాక లేసింది. ఒకటే దురద."

పొత్తికడుపు మీద గుండ్రంగా మూడు చోట్ల. చూడగానే గుర్తుపట్టాను. ఆ అంచు, ఆ పొలుసు మా వదిన నడుము మీద చూసిందే. నాకు తెలిసిపోయింది. తెలియక అన్నానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

"ఈడికి వచ్చినాక లేసిందా? ఒళ్లు కడుక్కుంటే కదా" అన్నాను, బెంచీ చివరిదాకా వినబడేట్టు. "అడవిలో పడుండి, ఇంగ ఈడికొచ్చి అందరికీ అంటించేదానికా?"

బెంచీ మీది ఆడవాళ్లు చీరలు దగ్గరికి లాక్కున్నారు. ఒకామె లేచి అవతలికి పోయి కూర్చుంది.

"మాకు వాగు ఉండాదమ్మా" అంది ఆమె. "రోజూ మునుగుతాం."

"సరేలే. ఆడ మెట్ల మీద కూచో. అందరిదీ అయినాక పిలుస్తా."

ఆమె కింది మెట్టు మీద కూర్చుంది. మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఎండ మెట్లమీదికి వచ్చింది. అహోబిలం బస్సు కదలబోతూ హారన్ కొట్టినప్పుడు నేను తలుపు సందులోంచి చూశాను. ఆమె నా దిక్కే చూస్తోంది. లోపల మంచం ఖాళీగానే ఉంది. పిలిస్తే సరిపోయేది. పిలిస్తే డాక్టరమ్మ ఆ తామర చూస్తుంది, ఎప్పుడు లేచిందని అడుగుతుంది, తేదీ లెక్కపెడుతుంది. నేను తల లోపలికి తీసుకున్నాను. మళ్లీ చూసేసరికి మెట్టు మీద ఎవరూ లేరు.

మిషన్ సర్దుతుంటే డాక్టరమ్మ అడిగింది, "ఆ చెంచామె రాలేదే?"

"రాలేదమ్మా" అన్నాను.

"ఏడో నెల పడినాదే. ఎందుకు రాలేదో." జీపులో కూడా రెండుసార్లు అదే మాట అంది. నేను ప్రోబు పెట్టె ఒళ్లో పెట్టుకుని పొద్దుతిరుగుడు చేలు చూస్తూ కూర్చున్నాను. ఇంటికి పోగానే బావి దగ్గర ఎప్పటికంటే రెండు చేదలు ఎక్కువ పోసుకున్నాను.

వారం తిరగకముందే తెరమీద బొమ్మలో నల్లటి చార పడింది. డాక్టరమ్మ ఎన్ని మీటలు తిప్పినా చార పోలేదు. ఇంజనీరు మళ్లీ వచ్చాడు. ప్రోబు మొహాన్ని భూతద్దంలో చూసి, డాక్టరమ్మకు చూపించి, నాకూ చూపించాడు. ఎండిన వరిమడిలాగా రబ్బరంతా సన్నటి బీటలు. పెట్టె తెరిచి స్పాంజి పైకి తీస్తే అడుగున బూజు. "స్పిరిట్ పెట్టి తుడిచారు. తడితో మూసి పెట్టారు," అన్నాడు. "ఈ బీటల్లోంచి నీళ్లు లోపలికి పోతే పడుకున్న మనిషికి కరెంటు కొడుతుంది. ఇది ఇక వాడకూడదు." ఆయన గొంతు పెంచలేదు. ఎవరు చేశారని కూడా అడగలేదు.

డాక్టరమ్మ అడిగింది. ముందు అడిగింది ఆయమ్మను. నేను పక్కనే ఉన్నాను, దొంగకు తేలు కుట్టినట్టు.

"నేను దాన్ని ముట్టనే ముట్టనమ్మా" అంది ఆయమ్మ. "గుడ్డలు ఉతుకుతా, అంతే." ఆమె నా మొహం వైపు చూడలేదు. పెరట్లోకి పోయి, తీగ మీదున్న రెండు గుడ్డలూ తెచ్చి టేబుల్ మీద పెట్టింది. కుట్టు లేని గుడ్డ పోగులు లేచి, అవతలి వెలుతురు కనిపించేంత పలచబడి ఉంది. నీలం కుట్టు గుడ్డ కొన్ననాటి తెలుపు పోకుండా కొత్తదిలాగే ఉంది.

డాక్టరమ్మ రెండూ చేతిలోకి తీసుకుంది. "ఇది ఎవురికి? ఇది ఎవురికి?"

ఆయమ్మ నా మీద ఒక్క చాడీ చెప్పి ఉంటే నేను ఎదురు తిరిగేదాన్నే. నా నోరు చిన్నది కాదు. ఆమె ఏమీ చెప్పకుండా చీపురు తీసుకుని బయటికి పోయింది. అందుకని నేనే చెప్పాల్సి వచ్చింది. గుడ్డల సంగతి చెప్పాను. వదిన సంగతి చెప్పాను. మెట్ల మీద కూర్చోబెట్టిన మనిషి సంగతి చెప్పేటప్పటికి తల ఎత్తలేకపోయాను. గురివింద గింజ సామెత చిన్నప్పటి నుంచీ ఎంతమందిని అని ఉంటానో. తన కింది నలుపు తనకు కనబడదంటారు. నాకు కనబడింది, కనబడింది కాబట్టే తువ్వాలు కప్పాను.

డాక్టరమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"తామరదేముంది. మందు పూస్తే పోతాది" అంది. "రాలేదని చెప్పినావు చూడు నాతో, అదీ మాట. ఆ మనిషికి గూడెంలో కాన్పయితే చచ్చిపోతాది. నీకు తెలుసు. నేను చెప్పేటప్పుడు నువ్వు పక్కనే ఉండావు." మందు చీటీ రాసి నా చేతికిచ్చింది. "పో. పోయి పిల్చుకొని రా."

మరుసటి రోజు పొద్దున బస్టాండుకు పోతే ఆయమ్మ సంచీ పట్టుకుని నిలబడి ఉంది. "ఒక్కదానివి ఆ కొండల్లో యాడ తిరుగుతావులే పాపా" అంది. బస్సులో ఇద్దరి సీటు ఒక్కటే ఖాళీగా ఉంది. ఏడాదిగా ఒకే గదిలో పనిచేస్తున్నా నేను ఆమె పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. అహోబిలం దాకా ఏం మాట్లాడాలో తెలియక, ఆమె పిల్లలెందరని అడిగాను. అది కూడా అప్పటిదాకా అడగలేదు.

అహోబిలంలో దిగి, జీపులు పోయే దోవ వదిలి, అడుగుతూ అడుగుతూ చాలా దూరం నడిచాం. గూడెంలో ఆమె గుడిసె ముందు కూర్చుని ఉంది. కడుపు ముందుకంటే బాగా పెరిగింది. నన్ను చూసి లేవలేదు. మందు తెచ్చానని, నేనే పూస్తానని దగ్గరికి పోబోయాను. లోపలి నుంచి ఆమె అత్త చెంబుతో వచ్చి అడ్డంగా నిలబడింది.

"చేతులు కడుక్కోమ్మా ముందు" అంది. "బయటినుంచి వచ్చినావు. కడుపుతో ఉండే మనిసి."

కోపంగా కాదు, ఎవరికైనా చెప్పేట్టే చెప్పింది. ఆయమ్మ అప్పటికే చేతులు చాపి ఉంది. నేనూ చాపాను. ఆ ముసలామె నీళ్లు పోస్తుంటే మోచేతుల దాకా కడుక్కున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంత రాస్తున్నా ఆ నీళ్ల సంగతి దగ్గర నాకు ఇప్పటికీ చేయి ఆగుతుంది.

మందు పూస్తూ, అది నీనుంచి రాలేదని, మా ఇంటి మనిషి నుంచి వచ్చిందని, నేను తుడవకపోవడం వల్ల అంటిందని చెప్పాను. వచ్చే గురువారం కొత్త ప్రోబు వస్తుందని, తప్పకుండా రమ్మని బతిమాలాను.

"ఈ మాట ఈడ చెప్తాండావు" అంది ఆమె. "ఆడ చెప్తావా? బెంచీ మీద కూచోనుండే వాళ్లకు?"

"చెప్తా" అన్నాను.

"అట్లయితే వస్తా."

బిడ్డ సంగతి ముందే చెప్పేస్తాను. మాయ పైకి జరగలేదు. నెలలు నిండకముందే ఆమెను నంద్యాలకు తీసుకొచ్చి ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు. అంతా డాక్టరమ్మ పుణ్యం, ఆమె తెగువ. నా వంతు ఆ గురువారంతోనే తేలిపోయింది.

ఆ గురువారం ఆమె మొదటి బస్సుకే వచ్చింది. మెట్ల మీద కాదు, బెంచీ మీదే కూర్చుంది. పక్కనున్న ఆమె జరిగింది. ఎదురుగా మా దూరపు చుట్టాలామె, మా వదిన పుట్టింటివాళ్లకు బాగా కావలసినామె. నేను గుమ్మంలో నిలబడ్డాను. చెంచామె నా వైపు చూస్తూ ఎదురుచూసింది. ఏం చెప్పాలో జీపులో వచ్చేటప్పుడు పదిసార్లు అనుకున్నాను. నేను తుడవలేదు, మా ఇంటి మనిషి తామర ఈమెకు అంటించాను, ఈమెను అందరి ముందర అనకూడని మాట అన్నాను. అంతే, మూడు ముక్కలు.

"పోయిన నెల ఈమెకు లేసినాది ఈమెది కాదు" అన్నాను. "అది మిషన్ నుంచి వచ్చినాది. మిషన్ చెడిపోయి ఉండె. ఇప్పుడు కొత్తది తెప్పించినాం."

"మిషన్లు అంతేలే" అంది మా చుట్టాలామె. అందరూ తలలూపారు. చెంచామె ఊపలేదు. నన్ను ఇంకాసేపు చూసింది. ఇంకేదైనా చెబుతానేమోనని కాబోలు. తర్వాత లేచి నన్ను దాటుకుని లోపలికి పోయింది.

డాక్టరమ్మ జెల్ సీసా తీసింది. నేను కొత్త పెట్టె తెరిచి, కొత్త ప్రోబును, ఇంకా ఎవరి ఒంటికీ తగలనిదాన్ని, కొత్త గుడ్డతో ఆమెకు కనబడేట్టు తుడిచాను. సబ్బునీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి.

"తుడిచినానమ్మా" అన్నాను.

ఆమె మంచం మీద పడుకుని చేయి చాపింది. నేను ఇచ్చాను. ప్రోబు మొహాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి చూసుకుంది. తర్వాత కొంగు చివర తీసుకుని, పసిపిల్ల మూతి తుడిచినట్టు మెల్లగా, రుద్దకుండా, తనే తుడిచింది. డాక్టరమ్మ జెల్ సీసా పట్టుకుని ఆగింది. ఆమె తుడవడం అయ్యేదాకా మేమిద్దరం పక్కన నిలబడి ఉన్నాం.